పోస్ట్‌గ్రెస్ వాల్ తెరిచి చూడటం: తరచుగా అడిగే ప్రశ్నలు

డీబీఏ (డేటాబేస్ నిర్వహణ చూసే మనిషి) ఎవరూ లేని టీములో ఆ పని నెత్తిన పడ్డవాళ్లు నన్ను అడిగే ప్రశ్నలివి. చాలామంది ఏదో పోయాక, రాత్రి పదకొండు తర్వాత అడుగుతారు కాబట్టి జవాబులు అప్పటికప్పుడు పనికొచ్చేలా రాశాను. ఇక్కడున్నది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ గురించి. కమాండ్ల పేర్లు పలికినట్టే తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లిష్ స్పెల్లింగే వాడండి.

వాల్ అంటే సర్వర్ రాసే మామూలు లాగ్ ఫైలేనా?

కాదు. ఎర్రర్లు, నెమ్మదిగా నడిచిన క్వెరీలు పడే టెక్స్ట్ లాగ్ వేరు. వాల్ అంటే రైట్ ఎహెడ్ లాగ్. పాతకాలం కొట్టు లెక్కలు చూసినవాళ్లకు తేలిగ్గా అర్థమవుతుంది. గుమాస్తా ఏ లావాదేవీ జరిగినా ముందు చిట్టాలో రాసుకుంటాడు, తీరిగ్గా ఉన్నప్పుడు ఆవర్జాలోకి ఎక్కిస్తాడు. వాల్ ఆ చిట్టా. టేబుళ్లు, ఇండెక్సులు ఉండే ఫైళ్లు ఆవర్జా. కరెంటు పోయి సర్వర్ పడిపోతే, చివరి చెక్‌పాయింట్ (అంతవరకు ఆవర్జాలోకి ఎక్కించేశామన్న గుర్తు) నుంచి చిట్టా చదువుకుంటూ ఆవర్జాను సరిచేసుకుంటుంది.

2001లో వచ్చిన 7.1 వెర్షన్ నుంచి పోస్ట్‌గ్రెస్‌లో ఇది ఉంది. ఆ ఫోల్డర్ పేరు చాలాకాలం పీజీ_ఎక్స్‌లాగ్. పేరులో లాగ్ అని ఉండేసరికి, డిస్క్ నిండినప్పుడల్లా జనం అది పనికిరాని చెత్త అనుకుని తుడిచేసేవారు. 2017లో 10వ వెర్షన్‌లో దాన్ని పీజీ_వాల్‌గా మార్చారు. పేరు మారినా తుడిచేవాళ్లు పూర్తిగా తగ్గలేదు, దాని సంగతి కింద ఉంది.

దీన్ని చూడటానికి ఏ టూల్స్ ఉన్నాయి?

ముఖ్యంగా రెండు. మొదటిది పీజీ_వాల్‌డంప్, కమాండ్ లైన్ ప్రోగ్రాం. 9.3లో పీజీ_ఎక్స్‌లాగ్‌డంప్ పేరుతో వచ్చింది, 10లో పేరు మారింది. ఫైళ్లను నేరుగా చదువుతుంది కాబట్టి సర్వర్ ఆగిపోయి ఉన్నా పనిచేస్తుంది. రెండోది పీజీ_వాల్‌ఇన్‌స్పెక్ట్ ఎక్స్‌టెన్షన్, 2022లో 15వ వెర్షన్‌తో వచ్చింది. అదే సమాచారాన్ని ఎస్‌క్యూఎల్ ఫంక్షన్లతో ఇస్తుంది కాబట్టి గ్రూప్ బై, జాయిన్ లాంటివన్నీ చేసుకోవచ్చు. సర్వర్ బతికుంటే నేను రెండోదానికే మొగ్గుతాను. పడిపోయి ఉంటే మొదటిదే గతి.

వీటికి తోడుగా పీజీ_కంట్రోల్‌డేటా ఉంది. చివరి చెక్‌పాయింట్ ఎక్కడ, రికవరీకి ఏ వాల్ ఫైల్ నుంచి కావాలి అన్నవి చెబుతుంది. ఏ గొడవలోనైనా ముందు దీని అవుట్‌పుట్ ఒక ఫైల్లో దాచుకోండి.

వాల్‌డంప్ వెర్షన్ సర్వర్ మేజర్ వెర్షన్‌తో కలవాలి. 14 సర్వర్ ఫైళ్లను 16 వాల్‌డంప్ చదవదు.

వాల్‌డంప్ రన్ చేస్తే స్క్రీన్ నిండా అర్థంకాని లైన్లు వచ్చాయి. ఎలా చదవాలి?

ఒక్కో లైన్ ఒక్కో రికార్డు. ఎడమ నుంచి వెళ్దాం.

మొదట రిసోర్స్ మేనేజర్, అంటే ఈ రికార్డు ఎవరి శాఖకు చెందిందో. హీప్ అంటే టేబుల్ డేటా, బీట్రీ అంటే ఇండెక్స్, ట్రాన్సాక్షన్ అంటే కమిట్ (ఖాయం చేయడం), అబార్ట్ (రద్దు)‌లు. స్టాండ్‌బై, ఎక్స్‌లాగ్ లాంటివి సర్వర్ సొంత వ్యవహారాలు, మొదట్లో వాటిని వదిలేయొచ్చు.

తర్వాత పొడవు రెండు అంకెల్లో, ఉదాహరణకు 54/54. మొదటిది అసలు రికార్డు, రెండోది పేజీ కాపీతో కలిపి మొత్తం. రెండో అంకె ఒక్కసారిగా వేలల్లోకి వెళితే ఆ రికార్డుతో పాటు 8 కేబీ పేజీ (డేటా ఫైల్లో ఒక ముక్క, బ్లాక్ అన్నా ఇదే) కూడా వచ్చి కూర్చుందని అర్థం.

ఆ తర్వాత ట్రాన్సాక్షన్ నంబర్. 0 ఉంటే ఏ ట్రాన్సాక్షన్‌కీ చెందని రికార్డు. తర్వాత ఎల్ఎస్‌ఎన్, అంటే చిట్టాలో ఈ ఎంట్రీ ఉన్న చోటు. దాని పక్కనే దీనికి ముందు రికార్డు చోటు. ఆ తర్వాత ఏం జరిగిందో: ఇన్సర్ట్, డిలీట్, హాట్ అప్‌డేట్ (ఇండెక్స్‌లో కొత్త ఎంట్రీ అక్కర్లేని అప్‌డేట్), కమిట్. చివర్లో ఏ ఫైల్లో ఏ బ్లాక్ తాకిందో.

కొత్తవాళ్లు తికమకపడేది ఒకచోట. ఒక ట్రాన్సాక్షన్ రికార్డులన్నీ వరుసగా ఉంటాయనుకుంటారు. ఉండవు. ఒకేసారి నలభై కనెక్షన్లు రాస్తుంటే నలభై మంది మాటలూ కలిసిపోయి పడతాయి. --ఎక్స్ఐడీ ఆప్షన్‌తో ఒకరి మాటలే విడదీసుకోవాలి. సేవ్‌పాయింట్లు వాడిన కోడ్‌లో ఇంకో మెలిక ఉంది. సబ్ ట్రాన్సాక్షన్‌కు వేరే నంబర్ వస్తుంది, దాని రికార్డులు అసలు నంబర్ కింద కనిపించవు. కమిట్ లైన్లో సబ్ ట్రాన్సాక్షన్ నంబర్ల జాబితా ఉంటుంది, వాటినీ విడిగా చూడండి.

బ్లాక్ దగ్గర 1663/16384/16385 అని ఉంది. అది ఏ టేబులో?

టేబుల్‌స్పేస్, డేటాబేస్, ఫైల్ నంబర్ ఆ వరుసలో. 1663 అంటే డిఫాల్ట్ టేబుల్‌స్పేస్. ఆ డేటాబేస్‌లోకి లాగిన్ అయి పీజీ_ఫైల్‌నోడ్_రిలేషన్ ఫంక్షన్‌కు 0, 16385 ఇస్తే పేరు చెబుతుంది. ఖాళీ వచ్చిందంటే ఆ టేబుల్ డ్రాప్ అయి ఉండొచ్చు, లేదా మధ్యలో ట్రంకేట్, వాక్యూమ్ ఫుల్ లాంటిది నడిచి ఫైల్ నంబర్ మారిపోయి ఉండొచ్చు. టేబుల్ ఓఐడీ (లోపలి గుర్తింపు నంబర్), ఫైల్ నంబర్ మొదట్లో ఒకటే ఉంటాయి కాబట్టి ఎప్పటికీ ఒకటేనని అనుకోవద్దు.

పీజీ_వాల్‌లో వందల ఫైళ్లున్నాయి. ఏది తెరవాలి?

ఫైల్ పేరులో 24 హెక్స్ అంకెలుంటాయి (0 నుంచి 9, ఏ నుంచి ఎఫ్). మొదటి 8 టైమ్‌లైన్ (బ్యాకప్ నుంచి రికవరీ లాంటివి జరిగినప్పుడు పెరిగే నంబర్), మిగతా 16 సెగ్మెంట్ నంబర్. డిఫాల్ట్‌గా ఒక్కో సెగ్మెంట్ 16 ఎంబీ. ఎల్ఎస్‌ఎన్ తెలిస్తే లెక్క తేలికే: 0/3000060 అనే చోటు టైమ్‌లైన్ 1లో 000000010000000000000003 ఫైల్లో ఉంటుంది. చేత్తో లెక్కవేయనక్కర్లేదు, పీజీ_వాల్‌ఫైల్_నేమ్ ఫంక్షన్ చేస్తుంది.

తేదీని బట్టి ఫైల్ ఎంచుకోకండి. పోస్ట్‌గ్రెస్ పని అయిపోయిన సెగ్మెంట్లను చాలావరకు తుడిచేయదు, ముందు ముందు కావాల్సిన పేరు పెట్టి పక్కన ఉంచుకుంటుంది. అందుకే అన్నిటికన్నా పెద్ద నంబరున్న ఫైల్ తెరిస్తే లోపల పాత డేటా ఉండి వాల్‌డంప్ ఒప్పుకోదు. అది పాడైన ఫైల్ కాదు, ఇంకా వంతు రాని ఫైల్. పేరు చివర .పార్షియల్ ఉన్న ఫైళ్లను కూడా వాల్‌డంప్ చదవలేదు. చూడాలంటే కాపీ తీసి ఆ తోక కోసేయాలి.

"ఇన్‌వాలిడ్ రికార్డ్ లెంగ్త్... వాంటెడ్ 24, గాట్ 0" అని ఆగిపోయింది. వాల్ పాడైందా?

దాదాపు ఎప్పుడూ కాదు. రికార్డు హెడర్ 24 బైట్లు. అక్కడ సున్నాలున్నాయంటే చిట్టాలో రాత అంతవరకే వచ్చిందన్నమాట. క్రాష్ తర్వాత సర్వర్ లేచేటప్పుడు కూడా ఇదే లైన్ కనిపిస్తుంది. 16వ వెర్షన్ నుంచి మాటలు కాస్త మారాయి, అర్థం అదే. మధ్యలో ఉన్న, ఎప్పుడో ఆర్కైవ్ అయిపోయిన (కాపీ వేరేచోట దాచేసిన) సెగ్మెంట్లో చెక్‌సమ్ తప్పిందని వస్తే మాత్రం టెన్షన్ పడాల్సిందే.

వేర్ షరతు లేకుండా డిలీట్ కొట్టేశారు. వాల్ నుంచి రోలు (టేబుల్ వరుసలు) వెనక్కి తీయొచ్చా?

అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే.

డిలీట్ రికార్డులో పాత రో ఉండదు. చిట్టాలో గుమాస్తా "ఆవర్జా 12వ పేజీ, 5వ వరుస కొట్టేశాం" అని రాసుకుంటాడంతే, ఆ వరుసలో ఏముందో రాయడు. రో రెండు కేబీ ఉన్నా డిలీట్ రికార్డు సాధారణంగా 54 బైట్లే. ఐబీఎంలో సి. మోహన్, సహచరులు 1992లో ప్రచురించిన ఏరీస్ పద్ధతిలో లాగ్‌లోనే అన్‌డూ సమాచారం ఉంటుంది. పోస్ట్‌గ్రెస్ దారి వేరు. పాత వెర్షన్‌ను టేబుల్లోనే ఉంచి, వాక్యూమ్ వచ్చి ఊడ్చేదాకా వదిలేస్తుంది. వాల్ లెవెల్ (వాల్‌లో ఎంత వివరం రాయాలన్న సెట్టింగ్) లాజికల్‌లో ఉండి, ఆ టేబుల్‌కు రెప్లికా ఐడెంటిటీ అనే సెట్టింగ్ ఫుల్ పెట్టి ఉంటే మాత్రం పాత రో కూడా రికార్డవుతుంది. ముందే అలా పెట్టుకున్నవాళ్లు తక్కువ.

అలాగని వాల్ ఊరికే పోలేదు. ఏ ట్రాన్సాక్షన్, ఎప్పుడు, ఎన్ని అన్న మూడూ అదే చెబుతుంది. బ్యాకప్‌ను ఎక్కడ ఆపాలో తేల్చేది కూడా అదే.

ముందు ఆ టేబుల్‌ను తాకే అప్లికేషన్ ఆపండి. ఆ టేబుల్ మీద ఆటోవాక్యూమ్ ఆఫ్ చేయండి. పీజీ_వాల్, ఆర్కైవ్‌లో ఆ సమయానికి చెందిన ఫైళ్లు వేరేచోటికి కాపీ తీయండి. తర్వాత వాల్‌డంప్‌లో --ఆర్‌ఎంజీఆర్ ట్రాన్సాక్షన్ పెట్టి కమిట్‌లు మాత్రం రాబట్టండి. ఇన్సర్ట్, డిలీట్ రికార్డుల్లో టైమ్ ఉండదు, కమిట్, అబార్ట్‌ల మీదే ఉంటుంది. ఆ సమయానికి దగ్గరున్న నంబర్లను ఒక్కొక్కటిగా --ఎక్స్ఐడీతో చూస్తే, వేల డిలీట్‌లున్నది ఒకటి దొరుకుతుంది. ఫైల్ నంబర్ మీ టేబులేనని సరిచూసుకోండి. ఇంకో సర్వర్లో, ఆ సంఘటనకు ముందు తీసిన బేస్ బ్యాకప్ (మొత్తం డేటా ఫోల్డర్ కాపీ) రీస్టోర్ చేసి, రికవరీ_టార్గెట్_ఎక్స్ఐడీకి ఆ నంబర్, రికవరీ_టార్గెట్_ఇన్‌క్లూజివ్‌కు ఆఫ్ ఇవ్వండి. ఆ కమిట్‌కు సరిగ్గా ముందు ఆగుతుంది. అక్కడి నుంచి ఆ ఒక్క టేబుల్ డంప్ తీసి అసలు సర్వర్లోకి ఎక్కించుకోండి. టైమ్ పెట్టి ఆపడం కన్నా నంబర్‌తో ఆపడమే నాకు నమ్మకం, అదే సెకన్లో కమిట్ అయిన మంచి ట్రాన్సాక్షన్లు కూడా ఉంటాయి కదా.

బ్యాకప్ లేకపోతే? చచ్చిన రోలు ఇంకా పేజీల్లో ఉండొచ్చు. పేజ్‌ఇన్‌స్పెక్ట్‌తో పచ్చిగా చూడొచ్చు, పీజీ_డర్టీరీడ్ అనే బయటి ఎక్స్‌టెన్షన్ వాటిని రోలుగానే చదివి పెడుతుంది. అయితే ఇక్కడ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. నేను పనిచేసిన ఒకచోట ఇలాంటిది జరిగిన రాత్రి, టీములో ప్రతివాడూ కంగారులో ఆ టేబుల్ మీద సెలెక్ట్ కౌంట్ కొడుతూనే ఉన్నాడు, రోలు వాటంతటవే తిరిగొస్తాయేమో అన్నట్టు. పేజీ నిండుగా ఉంటే సెలెక్ట్ కూడా దారిలో కనిపించిన చచ్చిన రోలను శుభ్రం చేయగలదు. పొద్దున మేం తవ్వేసరికి కొన్ని పేజీలు అద్దంలా ఉన్నాయి. ఆ టేబుల్‌ను చదవడం కూడా మానేయండి.

టైమ్ ఐదున్నర గంటలు తేడా చూపిస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. వాల్‌లో ఉన్నది ఒకటే క్షణం. వాల్‌డంప్ దాన్ని మీరు రన్ చేస్తున్న మెషీన్ టైమ్‌జోన్‌లో చూపిస్తుంది. సర్వర్ యూటీసీలో, మీ ల్యాప్‌టాప్ భారత కాలంలో ఉంటే అదే ఫైల్ రెండుచోట్ల రెండు టైమ్‌లు చెబుతుంది. రికవరీ_టార్గెట్_టైమ్ ఇచ్చేటప్పుడు జోన్ కూడా రాయండి. రాయకపోతే సర్వర్ సెట్టింగ్ ప్రకారం తీసుకుంటుంది. సాయంత్రం నాలుగు అనుకుని ఇచ్చింది రాత్రి తొమ్మిదిన్నర అవుతుంది.

వాల్ గంటకు పది జీబీలు పెరుగుతోంది. ఎవరు రాస్తున్నారు?

లైన్లు చదవద్దు, ముందు మొత్తాలు చూడండి. వాల్‌డంప్‌కు --స్టాట్స్ ఇస్తే శాఖలవారీగా ఎన్ని రికార్డులు, రికార్డుల సైజు ఎంత, పేజీ కాపీల సైజు ఎంత అన్నది శాతాలతో వస్తుంది. వాల్‌ఇన్‌స్పెక్ట్‌లో పీజీ_గెట్_వాల్_స్టాట్స్ ఇదే పని చేస్తుంది.

నేను చూసిన సర్వర్లలో పేజీ కాపీలే ఎక్కువ శాతం తింటాయి. ఒక చెక్‌పాయింట్ తర్వాత ఒక పేజీని మొదటిసారి తాకినప్పుడు, మార్చింది ఒక్క అంకె అయినా ఆ పేజీ మొత్తాన్ని జిరాక్స్ తీసి చిట్టాలో అంటిస్తుంది. పేజీ సగం రాసి కరెంటు పోతే కాపాడేది ఆ జిరాక్సే. ఆ జిరాక్సులు తీయించే ఫుల్ పేజ్ రైట్స్ సెట్టింగ్ ఆఫ్ చేయమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. చెక్‌పాయింట్‌ల మధ్య దూరం పెంచండి. డిఫాల్ట్‌లు చెక్‌పాయింట్ టైమౌట్ 5 నిమిషాలు, మాక్స్ వాల్ సైజ్ 1 జీబీ, బిజీ సర్వర్‌కు ఇవి చాలా చిన్నవి. వాల్ కంప్రెషన్ ఆన్ చేస్తే ఆ జిరాక్సులు కుదించుకుపోతాయి. 15 నుంచి ఎల్‌జెడ్4, జెడ్‌స్టాండర్డ్ కూడా ఉన్నాయి.

ఏ టేబులో, ఏ ఇండెక్సో తెలియాలంటే 16 నుంచి ఉన్న పీజీ_గెట్_వాల్_బ్లాక్_ఇన్ఫో తీసుకుని ఫైల్ నంబర్ మీద గ్రూప్ చేయండి. చాలాసార్లు దోషి ప్రైమరీ కీగా పెట్టిన ర్యాండమ్ యూయూఐడీ. ప్రతి ఇన్సర్టూ ఇండెక్స్‌లో కొత్త పేజీ మీద పడుతుంది, ప్రతి పేజీకీ జిరాక్స్ ఖర్చు. సమయం వరుసలో పెరిగే యూయూఐడీవీ7 వాడితే ఇది బాగా తగ్గుతుంది, 18లో దానికి ఫంక్షన్ కూడా ఇచ్చారు. ఒక క్వెరీ మీదే అనుమానముంటే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్‌కు వాల్ ఆప్షన్ జోడించండి, 13 నుంచి ఉంది. అనలైజ్ క్వెరీని నిజంగానే నడుపుతుంది కాబట్టి అప్‌డేట్, డిలీట్‌లైతే ట్రాన్సాక్షన్ తెరిచి, చూశాక రోల్‌బ్యాక్ చేయండి.

సెలెక్ట్‌లు తప్ప ఏమీ నడపడం లేదు. అయినా వాల్ వస్తోంది?

వస్తుంది. కొత్త రోను మొదటిసారి చదివినవాడు, దాన్ని రాసిన ట్రాన్సాక్షన్ కమిట్ అయిందని పేజీ మీద చిన్న గుర్తు పెడతాడు. డేటా చెక్‌సమ్‌లు ఆన్‌లో ఉంటే ఆ గుర్తు కోసం పేజీ కాపీ వాల్‌లో పడొచ్చు. వాల్‌డంప్‌లో ఎఫ్‌పీఐ ఫర్ హింట్ అని కనిపించేవి ఇవే (ఎఫ్‌పీఐ అంటే పేజీ కాపీ). 18వ వెర్షన్‌లో కొత్తగా సృష్టించే క్లస్టర్లకు (ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌ల సముదాయం) చెక్‌సమ్‌లు డిఫాల్ట్‌గా ఆన్.

డిస్క్ నిండింది. పీజీ_వాల్‌లో పాత ఫైళ్లు కొన్ని తీసేయొచ్చా?

వద్దు. పేరు చూసి ఏది పాతదో మీరు తేల్చలేరని పైనే చూశాం. తప్పు ఫైల్ పోతే సర్వర్ మళ్లీ లేవదు. అప్పుడు పీజీ_రీసెట్‌వాల్ దాకా వెళ్లాల్సి వస్తుంది, దాని తర్వాత డేటా పొందికగా ఉంటుందన్న హామీ లేదు.

ఫైళ్లు ఎందుకు పేరుకున్నాయో చూడండి. కారణాలు సాధారణంగా రెండే. పీజీ_స్టాట్_ఆర్కైవర్‌లో ఫెయిల్ కౌంట్ పెరుగుతుంటే ఆర్కైవ్ కమాండ్ పనిచేయడం లేదు. పీజీ_రెప్లికేషన్_స్లాట్స్‌లో ఎవరూ వాడని స్లాట్ (రెప్లికా, అంటే నకలు సర్వర్ లాంటిది వాల్‌ను ఎంతవరకు చదివిందో గుర్తుంచుకునేది) ఒకటి రీస్టార్ట్ ఎల్ఎస్‌ఎన్ కదలకుండా కూర్చుని ఉంటే, దాని కోసమే సర్వర్ అన్నీ దాచిపెడుతోంది. ఎప్పుడో ట్రయల్‌కు పెట్టి మర్చిపోయిన రెప్లికా ఆరునెలల తర్వాత కొంప ముంచడం నేను రెండుసార్లు చూశాను. ఆ స్లాట్ ఎవరిదో కనుక్కుని డ్రాప్ చేస్తే, తర్వాతి చెక్‌పాయింట్‌కు సర్వరే శుభ్రం చేసుకుంటుంది. 13 నుంచి మాక్స్_స్లాట్_వాల్_కీప్_సైజ్‌తో హద్దు పెట్టొచ్చు, డిఫాల్ట్‌గా హద్దు లేదు.

క్లౌడ్‌లో ఉన్నాం, షెల్ ఇవ్వరు. మరి?

వాల్‌డంప్ కుదరదు. వాల్‌ఇన్‌స్పెక్ట్‌ను మీ సర్వీసు అనుమతిస్తుందేమో ఎక్స్‌టెన్షన్ల జాబితాలో చూడండి. సూపర్‌యూజర్ హక్కు గానీ పీజీ_రీడ్_సర్వర్_ఫైల్స్ రోల్ గానీ కావాలి. సర్వర్ ఇప్పుడున్న టైమ్‌లైన్‌నే అది చూపిస్తుంది, తీసేసిన సెగ్మెంట్లను చూపలేదు.

ఏ రోలో ఏ విలువ మారిందో కనిపించాలంటే?

వాల్‌డంప్ దానికి కాదు. లాజికల్ డీకోడింగ్ (వాల్‌ను రో మార్పులుగా విప్పి చూపడం) కావాలి: వాల్ లెవెల్ లాజికల్‌కు మార్చి, టెస్ట్_డీకోడింగ్‌తో స్లాట్ పెట్టి, పీజీ_లాజికల్_స్లాట్_పీక్_చేంజెస్‌తో చూడాలి. స్లాట్ పెట్టిన క్షణం నుంచే కనిపిస్తుంది, నిన్నటి సంగతి చెప్పదు. పని అయ్యాక స్లాట్ తీసేయడం మర్చిపోతే పై ప్రశ్నలోని కథ మీదే అవుతుంది.

సాయం అడగడానికి వాల్ ఫైల్ బయటివాళ్లకు పంపొచ్చా?

వాల్‌డంప్ మామూలు అవుట్‌పుట్‌లో రో విలువలు ఉండవు, అది పంపొచ్చు. సెగ్మెంట్ ఫైల్ మాత్రం పంపకండి. ఇన్సర్ట్ చేసిన ప్రతి ఫోన్ నంబరూ, ప్రతి పేజీ జిరాక్సూ అందులోనే ఉంటాయి.

మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్‌లో వీటికి సాటి ఏవి?

మైఎస్‌క్యూఎల్‌లో మైఎస్‌క్యూఎల్‌బిన్‌లాగ్. అక్కడ బిన్‌లాగ్ వేరు, ఇన్నోడీబీ రీడూ లాగ్ వేరు, ఆ టూల్ చదివేది మొదటిదాన్ని. రో ఫార్మాట్ పెట్టుకుంటే డిలీట్ అయిన రో విలువలు కూడా అందులో దొరుకుతాయి, ఈ ఒక్క విషయంలో వాళ్లను చూస్తే నాకు అసూయ. ఒరాకిల్‌లో లాగ్‌మైనర్ ఉంది. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఎఫ్ఎన్_డీబీలాగ్‌ను జనం వాడతారు గానీ దానికి అధికారిక డాక్యుమెంటేషన్ లేదు.

ఇందులో ముందే చేయి తిరగాలంటే ఎలా?

చేతులు కాలాక ఆకులు పట్టుకునే కన్నా, మీ ల్యాప్‌టాప్‌లో ఒక ఖాళీ క్లస్టర్ పెట్టండి. రెండు కాలమ్‌ల టేబుల్ చేయండి. పీజీ_కరెంట్_వాల్_ఇన్సర్ట్_ఎల్ఎస్‌ఎన్ కొట్టి విలువ రాసుకోండి, ఒక రో ఇన్సర్ట్ చేయండి, మళ్లీ విలువ రాసుకోండి. ఆ రెండు చోట్ల మధ్య వాల్‌ఇన్‌స్పెక్ట్‌తో చూస్తే నాలుగైదు లైన్లే ఉంటాయి, ఒక్కోటి ఏమిటో పోల్చుకోవచ్చు. తర్వాత చెక్‌పాయింట్ కమాండ్ ఇచ్చి, అదే టేబుల్లో ఇంకో రో వేయండి. ఈసారి రికార్డు పక్కన పేజీ కాపీ కనిపిస్తుంది.

చివరగా బిగిన్ కొట్టి వెయ్యి రోలు ఇన్సర్ట్ చేసి రోల్‌బ్యాక్ చేయండి. టేబుల్లో ఆ వెయ్యిలో ఒక్కటీ కనిపించదు. వాల్‌లో వెయ్యి ఇన్సర్ట్‌లూ ఉంటాయి, వాటి కింద అబార్ట్ అని ఒకే ఒక్క లైన్.